గుండె పనితీరు, గుండె జబ్బులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పుడు ఛాతీ నొప్పితో ఉండి ఇది చదువుతుంటే, చదవడం ఆపి ముందు 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోగా ఏం చేయాలో 6వ ప్రశ్న కింద ఉంది.

1. గుండె ఎలా పనిచేస్తుంది?

పిడికిలంత కండరం అది. పెద్దవాళ్లలో 250 నుంచి 350 గ్రాముల బరువుంటుంది. రొమ్ము ఎముక వెనక, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. లోపల నాలుగు గదులు: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం ముందు కుడి కర్ణికలోకి, తర్వాత కుడి జఠరికలోకి చేరి ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ ఆక్సిజన్ అందుకుని ఎడమ కర్ణికకు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమనిలోకి నెట్టి తల నుంచి కాలి వేళ్ల దాకా పంపుతుంది.

కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తం అందిస్తే చాలు కాబట్టి దాని గోడ 3-4 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. ఎడమ జఠరిక గోడ దాదాపు సెంటీమీటరు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ ఎడమ గోడ ఇంకా మందమెక్కి బిగుసుకుపోతుంది. ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో 'ఎల్‌వీహెచ్' అని రాసేది దీన్నే.

ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వెళ్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దాదాపు 5 లీటర్లు. అంటే ఒంట్లో ఉన్న రక్తమంతా నిమిషానికి ఒకసారి గుండెలోంచి వెళ్లొస్తుంది. పోయిన రక్తం వెనక్కి రాకుండా నాలుగు కవాటాలు కాపలా కాస్తాయి. డాక్టరు స్టెతస్కోపులో వినే 'లబ్-డబ్' చప్పుడు ఆ కవాటాలు మూసుకునే చప్పుడే. మధ్యలో గాలి వీచినట్టు ఇంకో శబ్దం వినిపిస్తే దాన్ని మర్మర్ అంటారు. అది ఉన్న ప్రతివాళ్లకూ జబ్బు ఉన్నట్టు కాదు, ఎకో చేస్తే తేలిపోతుంది.

2. గుండెను ఎవరు కొట్టిస్తున్నారు? నాడి ఎంత ఉండాలి?

కుడి కర్ణిక పైభాగంలో సైనస్ నోడ్ అనే కణాల గుంపు ఉంటుంది. విద్యుత్ సంకేతం అక్కడే పుడుతుంది. అది కర్ణికల మీదుగా కిందికి వచ్చి, ఏవీ నోడ్ దగ్గర సెకనులో పదో వంతు ఆగుతుంది. ఆ లోపే జఠరికలు రక్తంతో నిండుతాయి. తర్వాత సంకేతం జఠరికలంతా ఒక్కసారిగా పాకి అవి ముడుచుకుంటాయి.

కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 మామూలు. బాగా వ్యాయామం చేసేవాళ్లకు 50 ఉన్నా ఫర్వాలేదు. నాడి 40 దగ్గర ఉండి కళ్లు తిరగడం, స్పృహ తప్పి పడిపోవడం ఉంటే ఏవీ నోడ్ దారి మూసుకుపోయి ఉండొచ్చు. పేస్‌మేకర్ (గుండెను కొట్టించే చిన్న యంత్రం) అవసరం ఎక్కువగా వచ్చేది ఇలాంటివాళ్లకే.

3. గుండె నిండా రక్తమే ఉంటుంది కదా, దానికి రక్తం అందకపోవడమేమిటి?

లోపల ఉన్న రక్తం గోడలోకి ఇంకదు. గుండె కండరానికి రక్తం తెచ్చేవి వేరే నాళాలు. బృహద్ధమని మొదట్లోనే పుట్టి గుండె పైన అల్లుకునే కరొనరీ ధమనులు అవి. ఎడమ వైపు ప్రధాన నాళం రెండుగా చీలుతుంది. ముందు వైపు దిగేది ఎల్‌ఏడీ, పక్కకు తిరిగేది సర్కమ్‌ఫ్లెక్స్. కుడి వైపు ఒకటి ఉంటుంది. 'మూడు నాళాల్లో బ్లాకులు' అని డాక్టర్లు చెప్పేది ఈ మూడింటి గురించే. మొదట్లో వీటి వెడల్పు 3-4 మిల్లీమీటర్లు మాత్రమే. ఎల్‌ఏడీ మొదట్లోనే మూసుకుపోతే గుండె ముందు గోడ అంతా దెబ్బతింటుంది, అందుకే దాని పేరు వినగానే డాక్టర్లు తొందరపడతారు.

4. బ్లాకు ఎలా ఏర్పడుతుంది? నిన్నటిదాకా బాగున్న మనిషికి హఠాత్తుగా గుండెపోటు ఎందుకు?

ధమని లోపలి పొర కింద కొలెస్ట్రాల్ చేరుతుంది. దాన్ని తినడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి, వాపు మొదలవుతుంది, పైన నారపొర కప్పుకుంటుంది. ఇరవై ముప్పై ఏళ్లు నెమ్మదిగా సాగే పని ఇది. పొగాకు, బీపీ, షుగర్ దీన్ని వేగిరపరుస్తాయి. నాళం 70 శాతం దాకా ఇరుకైతే మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు ఛాతీలో బిగుతు వస్తుంది, ఆగితే ఐదు నిమిషాల్లో తగ్గుతుంది. ఇది ఆంజైనా.

గుండెపోటు తీరు వేరు. పైనున్న పలుచటి నారపొర చిట్లి లోపలి కొవ్వు రక్తానికి తగలగానే అక్కడ గడ్డ కడుతుంది. నిమిషాల్లో నాళం పూర్తిగా మూసుకుపోతుంది. 30-40 శాతం ఉన్న బ్లాకు కూడా ఇలా చిట్లవచ్చు. అందుకే పోయిన నెల ట్రెడ్‌మిల్ పరీక్ష (నడిపిస్తూ తీసే ఈసీజీ) బాగున్న మనిషికి ఈ నెల గుండెపోటు వస్తుంది. పరీక్ష తప్పని కాదు. అది ఇరుకును పట్టుకుంటుంది గానీ ఏ పొర ఎప్పుడు చిట్లుతుందో చెప్పలేదు.

5. గ్యాస్ నొప్పో గుండె నొప్పో ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

నిజం చెప్పాలంటే ఇంట్లో తేలదు. మన దగ్గర గుండెపోటు రోగులు ఆసుపత్రికి ఆలస్యంగా చేరడానికి పెద్ద కారణం ఈ 'గ్యాస్' అన్న మాటే. ఈనో తాగడం, ప్యాన్‌టాప్ వేసుకోవడం, సోడా తెప్పించడం, తెల్లారాక చూద్దామనుకోవడం. వీటితో రెండు మూడు గంటలు గడిచిపోతాయి. త్రేన్పు వచ్చి కాస్త హాయిగా అనిపిస్తే గ్యాసేనని తీర్మానం చేస్తారు. గుండె కింది గోడకు రక్తం ఆగినప్పుడు కూడా పొట్ట పైభాగంలో మంట, వికారం, వాంతి, త్రేన్పులు వస్తాయి.

ఈ కింది వాటిలో ఏది ఉన్నా గుండె అనుకునే బయల్దేరండి:

- ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండేసినట్టు నొప్పి 10-15 నిమిషాలు దాటడం. చాలామంది వేలితో ఒకచోట చూపించరు, అరచేయి మొత్తం ఛాతీ మీద పెట్టి చూపిస్తారు.
- నొప్పి ఎడమ చేతికి, రెండు చేతులకు, దవడకు, మెడకు, వీపుకు పాకడం.
- ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసేలా చల్లటి చెమటలు.
- ఉన్నట్టుండి ఆయాసం, వాంతి, కళ్లు బైర్లు కమ్మడం.

షుగర్ పాతబడిన వాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నొప్పే ఉండకపోవచ్చు. విపరీతమైన నీరసం, ఆయాసం, చెమటలతోనే గుండెపోటు వచ్చి పోతుంది. అమ్మకో అత్తగారికో 'ఊరికే నీరసంగా ఉంది, ఊపిరి ఆడట్లేదు' అనిపిస్తే వయసు మీద తోసేయకుండా ఈసీజీ తీయించండి.

వేలితో నొక్కితే నొప్పి పెరగడం, పక్కకు తిరిగితే కలుక్కుమనడం, సెకన్లలో వచ్చిపోవడం లాంటివి గుండెవి కాకపోయే అవకాశం ఎక్కువ. ఆ మాట ఈసీజీ చూశాక డాక్టరు చెప్పాలి.

6. అంబులెన్సు వచ్చేలోగా ఏం చేయాలి?

మనిషిని నడవనివ్వకండి. మేడ మీద ఉంటే కుర్చీలో కూర్చోబెట్టి దించండి. తల, వీపు ఆనించి, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టడం మేలు. బాత్‌రూముకు ఒంటరిగా పంపకండి, లోపలి గడియ వేసుకుని పడిపోయిన సంఘటనలు చాలా ఉన్నాయి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లడం అసలు వద్దు.

ఆస్పిరిన్ 300-325 మి.గ్రా. నమిలి మింగించండి. డిస్ప్రిన్ లాంటి కరిగే మాత్ర అయితే ఒకటి. ఇంట్లో ఎకోస్ప్రిన్ 75 మాత్రమే ఉంటే నాలుగు మాత్రలు నమలాలి. వాటి మీద పేగులో కరిగే పూత ఉంటుంది కాబట్టి అలాగే మింగితే పని మొదలవడానికి ఆలస్యమవుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లకు, ఈమధ్య కడుపులో రక్తస్రావమైనవాళ్లకు, మూతి వంకరపోయి చేయి పడిపోయినవాళ్లకు, వీపు చీల్చినట్టు నొప్పి వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు.

నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ (నాళాలను వెడల్పు చేసే నైట్రేట్ మాత్ర) 5 మి.గ్రా. అందరికీ కాదు. బీపీ తక్కువగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా, కింది గోడ గుండెపోటులో కుడి జఠరిక దెబ్బతిన్నా అది బీపీని ఇంకా పడగొడుతుంది. గత 24 గంటల్లో సిల్డెనాఫిల్, 48 గంటల్లో టాడలాఫిల్ (రెండూ అంగస్తంభన మందులు) వేసుకున్న మగవాళ్లకు ప్రమాదకరం. సిగ్గుపడి ఈ మాట దాచకండి, డాక్టరుకు చెప్పండి. గతంలో డాక్టరు రాసిచ్చి ఉంటేనే, కూర్చోబెట్టి వాడండి.

'లోడింగ్ డోస్' పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మూడింటి పొట్లం ఈసీజీ తీశాక డాక్టరు ఇవ్వాల్సింది. ఇంట్లో మొదటి అడుగు ఆస్పిరిన్ ఒక్కటే.

7. మా ఊరికి దగ్గర్లో క్యాథ్ ల్యాబ్ (గుండె నాళాల బ్లాకు తెరిచే గది) లేదు. నేరుగా హైదరాబాద్, విజయవాడ వెళ్లిపోవాలా?

ముందు దగ్గర్లో ఈసీజీ తీసే చోటికి వెళ్లండి. ఆసుపత్రిలో అడుగుపెట్టిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అది పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని చూపిస్తే రెండు దారులున్నాయి. రెండు గంటల లోపు క్యాథ్ ల్యాబ్‌లో బెలూన్ వేసి నాళం తెరవగలిగితే అదే మేలు. అంత త్వరగా చేరలేమనిపిస్తే అక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత పంపాలి. టెనెక్టెప్లేజ్ అయితే బరువును బట్టి ఒకేసారి సిరలోకి ఎక్కిస్తారు, సెకన్లలో అయిపోతుంది. స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు 30-60 నిమిషాల పాటు డ్రిప్‌లో ఇస్తారు. ఇంజెక్షన్ 12 గంటల లోపు ఇవ్వొచ్చు గానీ మొదటి మూడు గంటల్లో ఇచ్చినదానికే పూర్తి ఫలితం. పని చేసినా చేయకపోయినా తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. నాళం తెరుచుకుంటే 24 గంటల లోపు యాంజియోగ్రామ్ (నాళాల్లోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేస్తారు, తెరుచుకోకపోతే వెంటనే.

రక్తం ఆగిన 20-30 నిమిషాలకే కండరం చావడం మొదలవుతుంది. ఆరు గంటలు దాటేసరికి దక్కించుకునేది చాలా తక్కువ. ఇంజెక్షన్ వద్దని సంతకం పెట్టి నాలుగు గంటలు కారులో వెళ్లడం వల్ల పోయిన కండరాన్ని తర్వాత ఏ స్టెంటూ (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) తిరిగి తేలేదు.

రెండు రాష్ట్రాల్లోనూ పెద్దాసుపత్రి నుంచి కార్డియాలజిస్టు ఫోన్లో ఈసీజీ చూసి, చిన్నాసుపత్రిలోనే ఇంజెక్షన్ ఇప్పించే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. డ్యూటీ డాక్టరును 'ఈసీజీ పైకి పంపారా, ఇంజెక్షన్ ఇక్కడ ఉందా?' అని అడగండి.

8. ఈసీజీ నార్మల్ అన్నారు. ఇంటికి వెళ్లొచ్చా?

నొప్పి ఇంకా ఉంటే వెళ్లకండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉండి అరగంట తర్వాత తీసినదాంట్లో మార్పు కనపడటం కొత్తేమీ కాదు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష గుండె కండరం దెబ్బతిన్న 3-4 గంటల తర్వాత పెరుగుతుంది. నొప్పి మొదలైన గంటలోనే చేస్తే నార్మల్ రావొచ్చు, మళ్లీ చేయాలి.

9. గుండెపోటు, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్ ఒకటేనా?

కాదు. గుండెపోటులో నాళం మూసుకుంటుంది, మనిషి మాట్లాడుతూనే ఉండొచ్చు. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె పంపింగు బలహీనపడటం, నెలల తరబడి ఉండే జబ్బు. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడం ఆగిపోవడమో, అర్థంలేకుండా వణకడమో. మనిషి కుప్పకూలిపోతాడు, పిలిస్తే పలకడు, శ్వాస ఉండదు, లేదంటే చేప నోరు తెరిచినట్టు ఎగశ్వాస తీస్తుంటాడు. ఆ ఎగశ్వాసను చూసి 'ఊపిరి ఉందిలే' అనుకోవద్దు. సీపీఆర్ (ఛాతీ నొక్కి రక్తం ఆడించడం) అప్పుడే మొదలుపెట్టాలి.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మంచం, పరుపు పనికిరావు. రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ, దాని మీద రెండో చేయి. మోచేతులు వంచకుండా, మీ భుజాలు చేతులకు నేరుగా పైన ఉండేలా వంగి, 5-6 సెంటీమీటర్లు లోపలికి పోయేలా నొక్కండి. నిమిషానికి 100-120 సార్లు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నేర్చుకున్నవాళ్లయితే 30 నొక్కులకు రెండు శ్వాసలు, రానివాళ్లు నొక్కడమొక్కటే ఆపకుండా చేస్తే చాలు. రెండు నిమిషాలకు చేతులు అలసిపోతాయి, పక్కవాళ్లు అందుకోవాలి. పక్కటెముక విరిగినట్టు చప్పుడైనా ఆపొద్దు. ఎయిర్‌పోర్టులు, మెట్రో స్టేషన్లు, పెద్ద మాల్స్‌లో ఏఈడీ (గుండెకు కరెంటు షాకిచ్చే) యంత్రం ఉంటే ఒకరు పరుగెత్తి తేవాలి. స్విచ్ వేస్తే ఏం చేయాలో అదే చెప్తుంది.

దగ్గితే గుండెపోటు ఆగుతుందని తిరిగే మెసేజ్‌లో నిజం లేదు. చిటికెన వేలు నొక్కడం, గోరువెచ్చటి నీళ్లలో కారం కలిపి తాగించడం కూడా అంతే. ముఖ్యంగా స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

10. యాంజియోగ్రామ్‌లో బ్లాకు ఉందన్నారు. స్టెంట్ వేయాల్సిందేనా?

గుండెపోటులో వెళ్తే అవును, అక్కడ స్టెంట్ ప్రాణం కాపాడుతుంది. గుండెపోటు రాకుండా, నడిస్తే కాస్త నొప్పి వస్తోందని పరీక్ష చేయించుకున్నప్పుడు లెక్క వేరు. 2007లో వచ్చిన కరేజ్, 2020లో 5,179 మందితో వచ్చిన ఇస్కీమియా అధ్యయనాలు రెండూ ఒకే మాట చెప్పాయి. నిలకడగా ఉన్న బ్లాకులకు మంచి మందులు వాడితే, దాని మీద స్టెంట్ వేసినందువల్ల మరణాలేమీ తగ్గలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంట్ మేలు చేసింది. ఎడమ ప్రధాన నాళంలో 50 శాతం దాటిన బ్లాకు, మందులు వాడినా తగ్గని నొప్పి, బాగా తగ్గిపోయిన పంపింగు ఈ లెక్కలోకి రావు.

50-70 శాతం మధ్య బ్లాకు కంటికి ఎక్కువగానూ కనిపించొచ్చు, తక్కువగానూ కనిపించొచ్చు. అలాంటప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే సన్నటి తీగతో ఒత్తిడి కొలుస్తారు. 0.80 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తేనే ఆ బ్లాకు రక్తాన్ని అడ్డుకుంటున్నట్టు లెక్క. టేబుల్ మీద పడుకోబెట్టి 'ఇప్పుడే వేసేయమంటారా?' అని బయటున్న ఇంటివాళ్లను అడిగినప్పుడు, గుండెపోటు కాకపోతే సీడీ తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించే సమయం మీకుంది. ఆ హక్కు వాడుకోండి.

మూడు నాళాల్లో బ్లాకులుండి షుగర్ కూడా ఉన్నవాళ్లకు సాధారణంగా బైపాస్ ఆపరేషనే (బ్లాకును దాటి రక్తానికి కొత్త దారి వేయడం) మేలు. రొమ్ము ఎముక వెనకుండే ధమనిని ఎల్‌ఏడీకి కలుపుతారు. పదేళ్ల తర్వాత కూడా పది మందిలో తొమ్మిది మందికి అది తెరుచుకునే ఉంటుంది. కాలి నుంచి తీసి వేసిన సిర అంత మన్నదు. కోసిన ఎముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు, బైకు నడపకూడదు. దగ్గొచ్చినప్పుడు దిండు ఛాతీకి హత్తుకోవాలి.

11. స్టెంట్ ధర ఎంత ఉండాలి?

2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. మందు పూత ఉన్న స్టెంటుకు అప్పట్లో 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260. అప్పటి నుంచి పరిమితిని సవరిస్తూ వస్తున్నారు. స్టెంట్ పేరు, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా ఉండాలి. పెట్టె మీది స్టిక్కరు కేస్ షీటులో అతికిస్తారు, దాని ఫోటో తీసి పెట్టుకోండి. ఆరోగ్యశ్రీలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవలో స్టెంటు, బైపాస్, కవాటం మార్పిడి ఉన్నాయి. తక్కువ ధరకు మన దేశంలోనే స్టెంట్ చేయాలన్న ప్రయత్నం 1990ల్లో హైదరాబాద్‌లోనే జరిగింది. అబ్దుల్ కలాం, కార్డియాలజిస్టు సోమరాజు కలిసి తెచ్చిన ఆ స్టెంటుకు కలాం-రాజు స్టెంట్ అని పేరు.

12. స్టెంట్ వేశాక మందులు ఎంతకాలం?

గుండెపోటు తర్వాత వేస్తే రెండు మందులు సాధారణంగా ఏడాది: ఆస్పిరిన్ 75 మి.గ్రా., దాంతోపాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్‌లలో ఒకటి. తర్వాత ఒక్కటి జీవితాంతం. స్టెంట్ లోహం మీద నాళం లోపలి పొర కప్పుకోవడానికి నెలలు పడుతుంది. ఆ లోపు మందు ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు వస్తుంది. ఎక్కువగా ఇది పన్ను పీకించుకునేటప్పుడు, కంటి ఆపరేషన్‌కు ముందు, ఊరెళ్లినప్పుడు మాత్రలు అయిపోయినప్పుడు జరుగుతుంది. ఎవరు ఆపమన్నా ముందు మీ గుండె డాక్టరును అడగండి. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, కొందరికి దాంతో ఆయాసంలా అనిపిస్తుంది. అలా అనిపిస్తే ఆపకుండా డాక్టరుకు చెప్పి మార్పించుకోండి.

13. కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) ఆపేయొచ్చా?

మాత్ర వేసుకుంటున్నందువల్లే నార్మల్ వచ్చింది. గుండెపోటు వచ్చినవాళ్లు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 55 కన్నా తక్కువ ఉంచుకోవాలి. ల్యాబ్ కాగితం మీద '100 లోపు నార్మల్' అని ఉండేది మీకు వర్తించదు. అటోర్వాస్టాటిన్ 40-80 మి.గ్రా. లేదా రోసువాస్టాటిన్ 20-40 మి.గ్రా. ఎల్‌డీఎల్‌ను దాదాపు సగానికి తగ్గిస్తాయి, చాలకపోతే ఎజెటిమైబ్ కలుపుతారు. కండరాల నొప్పులొస్తే డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారు. షుగర్ కొద్దిగా పెరగొచ్చన్నది నిజమే, గుండెకు జరిగే మేలు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది.

ఇంట్లో 55 ఏళ్ల లోపు మగవాళ్లకు, 65 లోపు ఆడవాళ్లకు గుండెపోటు వచ్చి ఉంటే లైపోప్రొటీన్(ఎ) అనే కొవ్వు రకం పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకోండి. అది ఎక్కువగా పుట్టుకతోనే వస్తుంది. డెసిలీటరుకు 50 మి.గ్రా. దాటితే మిగతా అన్నిటినీ ఇంకా గట్టిగా అదుపు చేయాలి.

14. బీపీ ఇంట్లో సరిగ్గా కొలవడం ఎలా?

అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చేయి కిందికి వేలాడేస్తే ఎక్కువ చూపిస్తుంది. చొక్కా చేతి మీదుగా కట్టొద్దు, మాట్లాడొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి సగటు రాసుకోండి. ఇంట్లో 135/85, ఆసుపత్రిలో 140/90 దాటుతుంటే బీపీ ఉన్నట్టే. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం తప్పు, దానికి లక్షణాలుండవు.

15. హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు. ఇక అంతేనా?

కాదు. గదిలో ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి పోయే శాతాన్ని ఈఎఫ్ అంటారు. 55-70 మామూలు, 40 లోపైతే పంపింగు తగ్గినట్టు. ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తున్నారు: సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ లేదా ఏసీఈ రకం మందు, బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందు కదా, నాకెందుకు అని చాలామంది ఆపేస్తారు. షుగర్ లేనివాళ్ల గుండెకూ అది మేలు చేస్తుంది.

ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, టిఫిన్‌కు ముందు, ఒకే రకం బట్టల్లో బరువు చూసుకుని క్యాలెండరులో రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్లవాపు, పడుకుంటే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేస్తే మూత్రం మాత్ర సర్దుతారు, ఆసుపత్రిలో చేరే పని తప్పుతుంది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఒంట్లో ఉప్పు, నీరు నిలిపేస్తాయి. వీళ్లు వాటి జోలికి వెళ్లకూడదు.

16. కవాటాలు ఎందుకు పాడవుతాయి?

మన దగ్గర పడుచువాళ్లలో ముఖ్య కారణం ఇప్పటికీ రుమాటిక్ జ్వరం. 5-15 ఏళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పి వచ్చి, రెండు మూడు వారాలకు జ్వరం, మోకాలు తగ్గితే మోచేయి వాచే కీళ్లవాపు వస్తాయి. కీళ్లు బాగుపడతాయి, ఎడమ కర్ణిక, జఠరికల మధ్య ఉండే మైట్రల్ కవాటం మాత్రం ఏళ్ల మీద బిగుసుకుపోతుంది. 4-6 చదరపు సెంటీమీటర్లుండాల్సిన ద్వారం 1.5కి తగ్గితే తీవ్రమైనట్టు. చాలామంది ఆడపిల్లలకు ఇది మొదటి కాన్పులో, ఐదారు నెలలు నిండాక వచ్చే ఆయాసంతోనే బయటపడుతుంది. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చినవాళ్లకు బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి ఏళ్ల తరబడి ఇవ్వాలి. నొప్పి అని పిల్లలు ఏడుస్తారు, అయినా మానిపించకండి. కవాటాన్ని కాపాడేది అదొక్కటే.

లోహపు కవాటం వేయించుకున్నవాళ్లు అసిట్రోమ్ లేదా వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు) జీవితాంతం వాడాలి. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే లెక్క) మైట్రల్ అయితే 2.5-3.5, అయోర్టిక్ (బృహద్ధమని మొదట్లోది) అయితే 2-3 మధ్య ఉండాలి. నిలకడగా ఉన్నా నెలకోసారి పరీక్ష తప్పదు. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె ఎక్కువ, అది మందు బలాన్ని తగ్గిస్తుంది. ఆకుకూరలు మానేయనక్కర్లేదు. వారానికి రెండుసార్లు తింటే ఎప్పుడూ రెండుసార్లే తినండి. ఒక వారం రోజూ, తర్వాతి వారం అసలు లేకుండా తింటే ఐఎన్ఆర్ ఊగిపోతుంది. కొత్త రకం రక్తం పలుచన మాత్రలు లోహపు కవాటాలకు పనికిరావు. పెళ్లయిన ఆడవాళ్లు గర్భం అనుమానం రాగానే డాక్టరుకు చెప్పాలి, మొదటి నెలల్లో వార్ఫరిన్ బిడ్డ అవయవాలకు హాని చేస్తుంది.

17. బిడ్డ గుండెలో రంధ్రం ఉందన్నారు. ఆపరేషన్ తప్పదా?

పుట్టే వెయ్యి మందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. జఠరికల మధ్య చిన్న రంధ్రాలు చాలావరకు మొదటి రెండేళ్లలో వాటంతటవే మూసుకుంటాయి. పెద్దవి మూసుకోవు. పాలు తాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడటం, నుదుటి మీద చెమట, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నిమ్ము చేయడం దానికి గుర్తులు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగి ఆపరేషన్ చేసే దశ దాటిపోతుంది. కర్ణికల మధ్య రంధ్రాలు చాలావాటిని కోత లేకుండా తొడలోంచి డివైస్ పంపి మూస్తారు. పెదవులు, గోళ్లు నీలంగా మారితే ఆ రోజే చూపించండి.

మేనరికం సంబంధాల్లో ఈ లోపాల అవకాశం ఎక్కువ. అలాంటి దంపతులు గర్భం 18-22 వారాల మధ్య ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండె స్కానింగ్) చేయించుకోవడం మంచిది.

18. గుండె దడ ప్రమాదమా?

అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్టనిపించడం చాలావరకు ప్రమాదం కాదు. మణికట్టు దగ్గర నాడి ఏ వరసా లేకుండా కొట్టుకుంటుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావొచ్చు. కర్ణిక వణుకుతుంటే అందులో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు పోతుంది, పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లవుతుంది. దడతో పాటు స్పృహ తప్పితే వెంటనే వెళ్లాలి.

19. జిమ్‌లో, పెళ్లిలో డాన్స్ చేస్తూ కుర్రవాళ్లు పడిపోతున్నారు. టీకా వల్లేనా?

18-45 ఏళ్లవాళ్ల ఆకస్మిక మరణాల మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. 729 మరణాలను పరిశీలిస్తే కోవిడ్ టీకా ముప్పు పెంచినట్టు తేలలేదు. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో ఆకస్మిక మరణాల చరిత్ర, చనిపోవడానికి 48 గంటల ముందు అతిగా తాగడం, తీవ్ర శ్రమ ముప్పు పెంచాయి. సుమారు 500 మందిలో ఒకరికి గుండె కండరం పుట్టుకతో మందంగా ఉండే జబ్బు ఉంటుంది. పరుగెడుతూ స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా ఈసీజీ, ఎకో చేయించాకే జిమ్‌కు వెళ్లండి.

మనవాళ్లకు ఎలాగూ గుండెపోటు ముందే వస్తుంది. ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు సగటు వయసు దక్షిణాసియా వాళ్లకు 53, మిగతా దేశాలవాళ్లకు 59.

20. ఏం తినాలి, ఎంత నడవాలి?

నూనె మనిషికి నెలకు అర లీటరు. నలుగురున్న ఇంట్లో నెలకు రెండు లీటర్లు దాటుతుంటే తగ్గించుకోవాలి. బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, ఒక చిన్న చెంచా. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ పెట్టుకుంటే ఆ లెక్క తప్పుతుంది. పళ్లెంలో అన్నం సగం తగ్గించి ఆ చోట పప్పు, కూర పెట్టండి. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. వేగంగా నడక వారానికి 150 నిమిషాలు. సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీలలో 'కొంచెం' అనే సురక్షిత మోతాదు లేదు.

21. గుండెపోటు తర్వాత మామూలు జీవితం ఎప్పుడు?

ఇబ్బందులేవీ లేకపోతే ఇంటికొచ్చాక చదును నేల మీద 5-10 నిమిషాలతో మొదలుపెట్టి, ఆరు వారాల్లో అరగంటకు పెంచండి. ఆగకుండా రెండంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే దాంపత్య జీవితానికి అభ్యంతరం లేదు. భార్యాభర్తలు అడగడానికి మొహమాటపడి నెలల తరబడి భయంతో గడుపుతారు, ఆ అవసరం లేదు. నైట్రేట్ మాత్రలు వాడుతుంటే మాత్రం సిల్డెనాఫిల్ రకం మందులు ముట్టుకోవద్దు.

22. ఏడాదికోసారి ఏ పరీక్షలు చేయించాలి?

30 దాటిన అందరికీ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బరువు, నడుము కొలత. వీటికి అయ్యే ఖర్చు తక్కువ, చెప్పేది ఎక్కువ. ఏ లక్షణమూ లేకుండా ప్యాకేజీలో ఇచ్చే ట్రెడ్‌మిల్ పరీక్షతో అనవసర భయమైనా రావొచ్చు, అనవసర ధైర్యమైనా రావొచ్చు. టూడీ ఎకో కవాటాలను, పంపింగును చూపిస్తుంది. నాళాల్లో బ్లాకులు దాంట్లో కనపడవు. 'ఎకో బాగుంది కాబట్టి బ్లాకులు లేవు' అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ముప్పు మధ్యస్థంగా ఉండి స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అన్న సందేహం ఉంటే సీటీ కాల్షియం స్కోరు (గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియం లెక్క) ఉపయోగపడుతుంది. సున్నా వస్తే, షుగర్, పొగాకు అలవాటు, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు లేనివాళ్లు మందు వాయిదా వేసుకుని కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూపించుకోవచ్చు.